ఆరో వార్డులో ఏమీ జరగలేదు

మల్లంపట్నంలో 'పట్నవార్త' అని ఒక వారపత్రిక ఉండేది. నాలుగు పేజీలు. శనివారం పొద్దున వచ్చేది. పంతొమ్మిది వందల ఇరవై అయిదో సంవత్సరం నడిమి దాకా దాని మొదటి పేజీలో పెద్దక్షరాల్లో పడే సంగతులు మూడే మూడు. "మునిసిపల్ సమావేశం కోరం లేక వాయిదా" అన్న శీర్షిక నెలకు రెండుసార్లు పడేది. ప్రతిసారీ విడదీసి మళ్ళీ పేర్చుకునే శ్రమ ఎందుకని సంపాదకుడు తమ్మన్న శాస్త్రి గారు ఆ చెక్క అక్షరాలన్నిటినీ పురికొసతో కట్టి కిటికీలో పెట్టుకున్నారు. పక్కనే "కాలవకు నీళ్ళు వదిలారు", "కలెక్టరు గారు వచ్చి వెళ్ళారు" అనే మరో రెండు కట్టలుండేవి. ఊరికి ఏడాదంతా ఆ మూడు కట్టలతో సుఖంగా వెళ్ళిపోయేది.

ఆ కట్టల వల్ల అందరికంటే ఎక్కువ లాభపడింది ఆరో వార్డు బడి పంతులమ్మ ఎస్తేరమ్మ. మునిసిపాలిటీ వారు ఆ బడికి ఒక నల్లబల్ల, ఒక గంట, రెండు బెంచీలు ఇచ్చారు. వాచకాలు తర్వాత పంపుతామన్నారు. ఆ మాట అని ఏడేళ్ళయింది. అయితే ప్రతి మునిసిపల్ బడికీ పట్నవార్త ఒక ప్రతి ఊరికే వచ్చేది. ఎస్తేరమ్మ అందులోని పెద్దక్షరాలు కత్తిరించి గోడకు అంటించి, వాటితోనే పిల్లలకు చదువు చెప్పేది. మిగతా ఊళ్ళ పిల్లలు 'అల', 'వల' అని మొదలుపెడితే ఆరో వార్డు పిల్లలు 'వాయిదా' అని మొదలుపెట్టేవాళ్ళు.

పిల్లల వెనకాల, గుంజకు ఆనుకుని, నాంచారమ్మ కూర్చునేది. ఆమెకు అరవై ఏళ్ళు. రాట్నం ముందేసుకుని కండెలకు నూలు చుట్టుకోవడానికి బడి వసారాలో నీడ బాగుందని వచ్చింది మొదట. చెయ్యి తిప్పుతూ గోడ వంక చూస్తూ చూస్తూ సగం అక్షరాలు పట్టేసింది. మిగతా సగం ఈ ఏడాదిలో నేర్చుకుంటానని పంతం పట్టింది. "పెద్దక్షరాలే నాకు. ఆ కింద చీమల్లా పాకేయి నాకెందుకు? అయి చదివే కళ్ళున్నోళ్ళు చదువుకుంటారు," అనేది. రాని అక్షరాలు పిల్లలు అందించేవాళ్ళు. అందుచేత నాంచారమ్మకు ఊరి వార్తలన్నీ తెలుసు గానీ, వాటి కింద ఏం రాశారో ఒక్కదానికీ తెలియదు.

ఆరో వార్డు సాలెల పేట. అక్కడ ఏమీ జరగకపోవడానికి ఒక కారణం ఉంది. తెల్లవారగానే ఆ వీధికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు చాచేవాళ్ళు. చీరకు నిలువు పోగులుగా వెళ్ళే నూలంతా గుంజలకు బిగించి, గంజి పట్టించి, నలుగురైదుగురు అటూ ఇటూ నడుస్తూ ఆరేదాకా కుంచెలతో దువ్వాలి. మధ్యలో ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎవరైనా పరుగెత్తితే తెగుతాయి. కాబట్టి పడుగు ఉన్నంతసేపూ వీధిలో ఎవరూ పరుగెత్తరు, ఎవరూ చేతులూపుతూ తగువులాడరు. గోడవారగా నడుస్తారు. కోపం వస్తే "పడుగు లేచాక చెప్తా నీ సంగతి," అంటారు. పడుగు లేచేసరికి పొద్దెక్కుతుంది, మగ్గం పిలుస్తుంది, కోపం సంగతి ఎవరికీ గుర్తుండదు. మూడు తరాలుగా ఆ పేటలో తగువులన్నీ ఇలాగే ఆరిపోయాయి.

ఇలా ఉండగా మునిసిపల్ చైర్మన్ కోదండపాణి నాయుడు గారు మద్రాసులో ఏదో మహాసభకు వెళ్ళారు. అక్కడ భోజనాల దగ్గర పక్కనున్న పెద్దమనిషి, "మల్లంపట్నమా? అది ఎక్కడండీ? పేపర్లో ఎప్పుడూ చూడలేదే," అన్నాడట. నాయుడు గారు పాయసం పక్కకు జరిపారు. తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చుని ఊరు చేరేదాకా ఆలోచించారు. దిగీ దిగగానే సమావేశం పిలిచారు. ఆ రోజు కోరం కూడా కుదిరింది. నూట పద్నాలుగో నంబరు తీర్మానం పుట్టింది.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, పురాభివృద్ధికి వార్తయే జీవము గనుక, ప్రతి వార్డును వారమునకు ఒక్కటికి తక్కువ కాకుండా, పత్రికలో రెండు కాలముల వెడల్పునకు తగ్గకుండా, శీర్షికను ఉత్పత్తి చేయవలెను. వరుసగా ఆరు వారములు శీర్షిక లేని వార్డు నిర్జనముగా భావింపబడి, అందలి దీపములు, బడి, ఇతర సామగ్రి, శీర్షికలు గల వార్డులకు తరలింపబడును."

శీర్షికలు కొలవడానికి పరాంకుశం అనే గుమాస్తాను శీర్షికల ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఆయనకు ఒక ఇత్తడి కొలబద్ద, ఒక పెద్ద పట్టిక, ఒక తలపాగా ఇచ్చారు. తలపాగా ముందే ఉంది గానీ దానికి కొత్తగా జరీ అంచు కుట్టించారు.

మొదటి వారం వార్డులు కాస్త తడబడ్డాయి. "రెండో వార్డులో పిల్లి మాయం" అని వచ్చింది. రెండో వారానికి చెయ్యి తిరిగింది. నాలుగో వార్డువాళ్ళు ఎండుటాకులు కుప్ప పోసి నిప్పు పెట్టి, తామే ఆర్పి, "ఘోర అగ్నిప్రమాదం: వార్డు వీరుల తెగువ" వేయించుకున్నారు. ఒకటో వార్డులో పెళ్ళికొడుకు ముహూర్తానికి ముందు పారిపోయి, పప్పన్నం వేళకు తిరిగొచ్చాడు. అత్తవారు ఏమీ అనలేదు. వార్డు మెంబరు అప్పటికే వాళ్ళతో మాట్లాడి ఉంచాడు. ఊళ్ళో పేరుపడ్డ దొంగ దాసు ఒక్కడే కావడంతో అతన్ని వార్డులవారీగా పంచుకున్నారు. సోమవారం మూడో వార్డు, మంగళవారం అయిదో వార్డు, బుధవారం విశ్రాంతి.

తమ్మన్న శాస్త్రి గారి కిటికీలో కట్టలు విడిపోయాయి. ఎస్తేరమ్మ గోడ మీద 'వాయిదా' పోయి 'దారుణం', 'ఘోరం', 'పరారీ' వెలిశాయి. నాంచారమ్మ రాట్నం ఆపి గోడ చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! నాలుగో వార్డు తగలబడిపోయిందంటనే పంతులమ్మా! మా పిన్నత్త మనవరాలు అక్కడే కదే!"

"ఎండుటాకులు అవ్వా," అంది ఎస్తేరమ్మ, కింద సన్నక్షరాలు చూపించి. "ఆర్పడానికి ఒక చెంబు నీళ్ళు పట్టాయట."

"మరి పైన అట్టా రాశారేం?"

"కింద చిన్నగా జరిగిందని పైన పెద్దగా రాశారు."

నాలుగు వారాలు గడిచాయి. పరాంకుశం పట్టికలో ఆరో వార్డు ఎదుట నాలుగు సున్నాలు పడ్డాయి. అయిదో సున్నా పడకముందే ఆయన నోటీసు తీసుకుని బడి వసారా ఎక్కాడు. పొద్దున వేళ. పడుగు ఉంది కాబట్టి జరీ తలపాగా గోడకు రాసుకుంటూ రావలసివచ్చింది.

"సదరు వార్డునందు గత నాలుగు వారములుగా వార్త శూన్యము. శూన్యమునకు సంజాయిషీ కావలెను," అన్నాడు.

"జరగనిదానికి సంజాయిషీ ఎట్లా ఇవ్వనండీ?"

"లిఖితపూర్వకముగా. మరి రెండు వారములు గడిచినచో ఈ బడి నాలుగవ వార్డుకు తరలింపబడును. జాబితా వినుడు. నల్లబల్ల ఒకటి, గంట ఒకటి, బెంచీలు రెండు, పంతులమ్మ ఒకటి."

"పిల్లలో?"

పరాంకుశం జాబితా రెండువైపులా తిప్పి చూశాడు. "పిల్లలు సామగ్రి కిందికి రారు," అన్నాడు.

నాలుగో వార్డు కాలవకు అవతల ఉంది. బల్లకట్టు దాటాలి. ఎస్తేరమ్మ ఇంటింటికీ తిరిగి, రాట్నాల దగ్గర నుంచి ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చుకున్న నలభై ముగ్గురు పిల్లల్లో బల్లకట్టు దాటి వచ్చేవాళ్ళు ముగ్గురు కూడా ఉండరు. అందులో ఆడపిల్ల ఒక్కతీ ఉండదు. ఆమె నోటీసు మడిచి పెట్టుకుంది. వెనక రాట్నం చప్పుడు ఆగింది.

"నాకింకా సగం అక్షరాలు రావాల్సుంది," అంది నాంచారమ్మ. "సగంలో లేపుకుపోతారా? కంచం ముందు నుంచి లేపినట్టు?"

ఆ మధ్యాహ్నమే పేట పెద్ద మార్కండేయులు ఇంటి ముందు అందరూ కూడారు. ఆయన మాట్లాడే ముందు మీసం మీద అంటిన నూలుపోగు తీసుకునే అలవాటున్న మనిషి. తీసుకున్నాడు.

"బడి పోకూడదు. ఏదో ఒకటి జరిపిద్దాం. ఏం జరుగుద్ది మన దగ్గర?"

అందరూ వేళ్ళు మడిచి ఏళ్ళు లెక్కబెట్టుకున్నారు.

"పోయినేడు మా ఆబోతు తుమ్మింది," అన్నాడు ఒకడు.

"తుమ్మితే?"

"మళ్ళీ తుమ్మలేదు."

చివరికి తగువు తేలిక అనుకున్నారు. ఎదురెదురిళ్ళ బావామరుదులు ఇద్దరిని ఎంచి, మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరు ఎదుట కొట్టుకోమన్నారు. కారణం కూడా చెప్పారు: వీధిలోకి జరిగిన అరుగు. పరాంకుశం వచ్చి అరుగు మీద కూర్చుని కొలబద్ద తీశాడు. బావ కర్ర పట్టుకుని గుమ్మం దిగాడు. మరిది పంచె ఎగ్గట్టాడు. మధ్యలో పడుగుంది.

"పడుగు లేచాక చెప్తా నీ సంగతి!" అని బావ కేక వేశాడు.

"లేవనీ, నేనే వస్తా!" అన్నాడు మరిది.

ఇద్దరూ చెరో పక్కన కుంచెలు పట్టి దువ్వడం మొదలుపెట్టారు. పరాంకుశం గంటన్నర కూర్చున్నాడు. పడుగు లేచింది. మరిది నేరుగా బావ దగ్గరికొచ్చి, "మీ చెల్లెలు గోంగూర నూరింది. నీకూ పంపమంది," అన్నాడు. ఇద్దరూ లోపలికి పోయారు. కర్ర అరుగు మీదే ఉండిపోయింది.

"ఇది తగువు గాదు, విందు," అని పరాంకుశం కొలబద్ద తీసుకుని లేచిపోయాడు.

ఇక దొంగతనమే గతి. దాసును బతిమాలి, అతని విశ్రాంతి రోజైన బుధవారం పొద్దున రప్పించారు. దాసు కళ్ళ కింద గుంటలు పడి ఉన్నాయి.

"ఒళ్ళు హూనమైపోతుందండీ పంతులమ్మగారూ," అన్నాడు. "ఎనకటికి నెలకో ఇల్లు, అదీ నాకు బుద్ధి పుడితే. ఇప్పుడు వేళకు రాలేదని మెంబర్లు తిడతన్నారు. ఈ బతుకు కంటే ఉద్యోగం నయం."

నాంచారమ్మ ఇంట్లో ఇత్తడి బిందె దొంగిలించాలని ఏర్పాటు. పరాంకుశం ఎదురరుగు మీద పట్టిక తెరిచి కూర్చున్నాడు. దాసు ఒకటి చంకన పెట్టుకున్నాడు. "అది చిల్లుదిరా అబ్బాయ్, ఆ పక్కది తీసుకో. నలుగురూ చూస్తే మర్యాదగా ఉంటది," అంది నాంచారమ్మ. దాసు మార్చుకుని గుమ్మం దాటాడు. నాంచారమ్మ "దొంగ! దొంగ!" అని పిలిచింది. ఇక పరుగెత్తడమే మిగిలింది. ముందు పడుగు.

దాసు గోడవారగా నడిచాడు. వీధి సగం దాటేసరికి కుంచె పట్టిన ముసలాయన ఒకడు దగ్గొచ్చి ఆగాడు. "అబ్బాయ్, ఒక్క క్షణం ఇది పట్టు," అన్నాడు. దాసు బిందె కింద పెట్టి కుంచె పట్టాడు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. పడుగు ఆరేసరికి పూర్తిగా చెయ్యి తిరిగింది. బిందె ఎవరో కడిగి నాంచారమ్మ ఇంట్లో పెట్టారు.

"దొంగ పనిలో చేరాడని రాయండి," అని ఎస్తేరమ్మ ఆశగా అడిగింది.

పరాంకుశం పట్టిక తిరగేశాడు. "బాగుపడుట పట్టికలో లేదు. దొంగతనమనగా పరారీ. నడిచివెళ్ళిన దొంగతనము బదిలీ అనబడును," అని అయిదో సున్నా చుట్టాడు.

ఇంక ఎస్తేరమ్మకు ఒకే దారి తోచింది. గురువారం బడి వదిలాక అచ్చాఫీసుకు వెళ్ళింది. తమ్మన్న శాస్త్రి గారు బల్ల ముందు నీరసంగా కూర్చుని ఒక చెక్క అక్షరాన్ని వెలుతురుకు పెట్టి చూస్తున్నారు.

"'ఘ' అరిగిపోయిందమ్మా," అన్నారు. "మా తాతగారి నాటి అక్షరం. అరవై ఏళ్ళలో మూడుసార్లు వాడారు. ఈ నెల్లో పదకొండు ఘోరాలు. ఏం కావాలి?"

"నలభై ముగ్గురు పిల్లలు చదవడం నేర్చుకున్నారండీ. అరవై ఏళ్ళ అవ్వ ఒకామె కూడా. అది వేయండి, రెండు కాలాలు."

శాస్త్రి గారు జాలిగా చూశారు. "నాకు వేయాలనే ఉంది. పరాంకుశం ఒప్పుకోడు. చదువు రావడం నెమ్మదిగా జరిగేదమ్మా. ఫలానా రోజు, ఫలానా వేళ అని చెప్పగలవా? నిప్పైతే ఎనిమిదింటికి అంటుకుంటుంది, ఎనిమిదుంబావుకి ఆరుతుంది. వార్తకు అది వీలు."

ఎస్తేరమ్మ తిరిగివచ్చి గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడదీసి సంచీలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. నాంచారమ్మ ఆమె చేతిలోంచి ఒక ముక్క లాక్కుని రాట్నం కింద దాచింది.

ఆరో వారం శుక్రవారం రెండు సంగతులు ఒకే పొద్దున పడ్డాయి. ఒకటి, బడి సామాను తీసుకుపోవడానికి బండి రావడం. రెండు, మద్రాసు సర్కారు తరఫున మునిసిపాలిటీలు తనిఖీ చేసే దివాన్ బహద్దూరు గారు ఊరు చూడడానికి బయల్దేరడం. ఈ రెండో సంగతి చైర్మన్ గారికి పండగ. నాలుగు వారాలుగా మద్రాసు పత్రికల్లో కూడా మల్లంపట్నం పేరు పడుతోంది. తనిఖీ గారు దాన్ని చదివే వచ్చారు. ఆయన ముందు వార్డులన్నీ తమ వార్తలు ప్రదర్శించాలని ఉత్తర్వు వెళ్ళింది. ఎనిమిదింటికి నాలుగో వార్డు మంట. ఎనిమిదుంబావుకి రెండో వార్డు దోపిడీ. ఎనిమిదిన్నరకు ఒకటో వార్డు పెళ్ళికొడుకు పరారీ. పావు తక్కువ తొమ్మిదికి మూడో వార్డు ఆబోతు.

"మా పట్టణమునందు ఏమియు జరగని దినమే లేదండి," అన్నారు చైర్మన్ గారు, జట్కాలో తనిఖీ గారి పక్కన కూర్చుని.

తనిఖీ గారు బక్కపలచటి పెద్దాయన. ఆయన ఆవులించారు. రెండు రోజుల నుంచి ముసాఫరు బంగళాలో దిగి ఉన్నారు. బంగళా రెండో వార్డులో ఉంది. రెండో వార్డువాళ్ళు తమ శీర్షికను ఆయన కిటికీ కిందే సాధన చేశారు. ఆయనకు కన్ను మూతపడలేదు.

కార్యక్రమం ఎనిమిది దాకా బాగానే నడిచింది. మంట ఎండుటాకులు దాటి పక్క గడ్డివామి మీదికి పోవడంతో నిజంగానే మంటలార్పే బండి కట్టవలసివచ్చింది. దాని గంట మోతకు మూడో వార్డు ఆబోతు వేళకు ముందే బయల్దేరింది. ఆబోతును చూసి రెండో వార్డు దోపిడీగాళ్ళు నిజంగా పరుగెత్తారు. వాళ్ళ వెంట పోలీసులు, వాళ్ళ వెంట ఏమీ తెలియని పెళ్ళికొడుకు, వాడి వెంట ఏమీ తెలియని పెళ్ళివారు. జట్కా గుర్రం ఇదంతా చూసి వెనక్కి తిరిగి లంఘించింది. చైర్మన్ గారు ఒక చేత్తో తనిఖీ గారిని, ఇంకో చేత్తో పట్టిక పట్టుకున్న పరాంకుశాన్ని పట్టుకున్నారు. ఆ ఊళ్ళో వంకర లేని దారి ఒక్కటే. అది సాలెల పేట మీదుగా కాలవకు పోతుంది. మల్లంపట్నం వార్తలన్నీ కలిసి ఆ దారి పట్టాయి.

అప్పుడే బండివాడు బడి గంట విప్పుతున్నాడు. ఎస్తేరమ్మ బెంచీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. దూరం నుంచి మోత వినిపించింది. వీధి పొడవునా పడుగు, నలభై చీరల నూలు, గంజి తడి మీద ఉంది. కుంచెలు ఆగలేదు. ఆగకూడదు. మార్కండేయులు ఒక్కడే వీధి మొగకు వెళ్ళి, మీసం మీది పోగు తీసుకుని, చెయ్యెత్తాడు.

"నెమ్మది! పడుగుంది."

ముందు వస్తున్నది మంటలార్పే బండి. దాని ఎడ్లను మునిసిపాలిటీ వారు పోయినేడే సాలెల పేటలో కొన్నారు. పదేళ్ళు అక్కడ నూలు బండి లాగినవి అవి. పడుగు కనపడగానే ఆగడం వాటి ఒంటికి పట్టిన అలవాటు. ఆగాయి. అవి ఆగాయని ఆబోతు ఆగింది. ఆబోతు ఆగిందని దోపిడీగాళ్ళు, వాళ్ళాగారని పోలీసులు, పెళ్ళివారు, చివరికి జట్కా, అన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి.

"తొలగించండి ఆ దారాలు!" అని చైర్మన్ గారు జట్కాలోంచి అరిచారు.

"తడి మీదుందండీ బాబుగారూ," అన్నాడు మార్కండేయులు. "ఇప్పుడు తీస్తే గడ్డకట్టుద్ది. ఒక్క గంటండీ. అరుగుల మీద కూచోండి. మజ్జిగ పంపిస్తా."

వెనక్కి తిరగడానికి వీధిలో చోటు లేదు. అందరూ గోడవారగా నడిచివచ్చి అరుగుల మీద కూర్చున్నారు. దోపిడీగాళ్ళ పక్కన హెడ్డు కానిస్టేబులు, అతని పక్కన పెళ్ళికొడుకు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి అతని పక్కనే చోటు చేసుకుని మజ్జిగ గ్లాసు అందించాడు. దాసు ఎవరూ అడక్కుండానే కుంచె అందుకున్నాడు.

బడి వసారాలో పిల్లలు బెంచీలు లేక నేల మీద కూర్చుని మెల్లగా చదువుకుంటున్నారు. గట్టిగా చదివితే దువ్వేవాళ్ళ నడక లయ తప్పుతుందని ఎస్తేరమ్మ ఎప్పుడో వాళ్ళకు నేర్పింది. కుంచెల చప్పుడు, పిల్లల గొణుగుడు, రాట్నం మూలుగు. దివాన్ బహద్దూరు గారు వసారా గుంజకు తల ఆన్చి, "ఒక్క నిమిషం," అని కళ్ళు మూశారు. మూడు నిమిషాల్లో గురక వచ్చింది.

ఆయన లేచేసరికి పడుగు ఎత్తేశారు. కళ్ళు నులుముకుని పక్కనున్న నాంచారమ్మను అడిగారు.

"ఏం జరిగిందమ్మా?"

"ఏం జరగలేదయ్యా. తమరు పడుకున్నారు."

"ఇక్కడ రోజూ ఏం జరుగుతుంది?"

"ఏం జరగదు. ఆ పాపానికే బడి ఎత్తేస్తన్నారు."

తనిఖీ గారు బండి మీది గంట, నల్లబల్ల, బెంచీలు చూశారు. చైర్మన్ గారి వైపు తిరిగారు.

"నాయుడు గారూ, నేనెందుకు వచ్చానో తెలుసా? మీ శీర్షికలు చదివి మద్రాసులో హడలిపోయారు. వారానికో అగ్నిప్రమాదం, రోజుకో దొంగతనం, పెళ్ళికొడుకులు నిలవరు. పాలకవర్గాన్ని రద్దు చేసి స్పెషల్ ఆఫీసరును వేయాలని ఫైలు తయారైంది. నా సంతకం ఒక్కటే మిగిలింది. ఈ వీధి ఎవరి చలవ?"

చైర్మన్ గారు ఒక్క క్షణం మాత్రమే ఆలోచించారు.

"మాదేనండి. ఈ నిశ్శబ్దము మా పాలకవర్గము ఎంతో కాలముగా, ఎంతో శ్రమకోర్చి, ఏర్పాటు చేసినది. నమూనా వార్డు అండి ఇది. ఏమోయ్, ఆ గంట ఎందుకు విప్పారు? తుడవడానికేనా? తుడిచాక కట్టేయండి."

మర్నాడు పట్నవార్తలో నాలుగు కాలాల వెడల్పున, ఇంతకు ముందెప్పుడూ పడనంత పెద్దగా, ఒక్కటే శీర్షిక పడింది: "ఆరో వార్డులో ఏమీ జరగలేదు." తమ్మన్న శాస్త్రి గారికి అందులో అరిగిన అక్షరం ఒక్కటి కూడా వాడవలసిన అవసరం రాలేదు.

పరాంకుశం పత్రిక పట్టుకుని బడికి వచ్చాడు. కొలబద్ద పెట్టి రెండుసార్లు కొలిచాడు. ముఖం చిన్నబోయింది.

"నాలుగు కాలములు. బడి నిలిచినది," అన్నాడు. "కానీ ఇందు చిక్కున్నది. శీర్షిక పడినది గనుక ఏదో జరిగినది. జరిగినది గనుక శీర్షిక అబద్ధము."

"అబద్ధమైతే కొట్టేస్తారా అండీ?" అని ఎస్తేరమ్మ భయంగా అడిగింది.

"అబద్ధపు శీర్షికలు పట్టికలో చెల్లును. లేనిచో మిగిలిన వార్డులేమి కావలె?"

అయితే ఆయన వచ్చింది దీనికోసం మాత్రమే కాదు. శుక్రవారం సాయంత్రమే నూట పదిహేనో నంబరు తీర్మానం పుట్టింది. ఇకమీదట ప్రతి వార్డులోనూ వారానికి ఏడు రోజులకు తక్కువ కాకుండా ఏమీ జరగకూడదు. ఏదైనా జరిగిన వార్డు అల్లరి వార్డుగా భావింపబడి, అందలి దీపములు, బడి, ఇతర సామగ్రి తరలింపబడును. ఈ ఆఖరి కొలత అయ్యాక ఇత్తడి కొలబద్ద తిరిగి ఇచ్చేయమని, పరాంకుశానికి ఒక చెవిగొట్టం ఇచ్చారు. ఆయన వసారా మెట్టు మీద కూర్చుని దాన్ని చెవికి ఆన్చి వీధి వైపు పెట్టాడు.

లోపల నాంచారమ్మ పత్రికను ఒళ్ళో పరుచుకుంది. రాట్నం పక్కకు తోసింది. వేలు పెట్టి, ఎవరి సాయం లేకుండా, ఒక్కొక్క అక్షరమే పలుకుతూ వెళ్ళింది. ఆరో. వార్డులో. ఏమీ. జరగలేదు. ఆఖరి అక్షరం దగ్గర తల ఎత్తింది. మొదటిసారి ఒక శీర్షిక మొత్తం తనంతట తాను చదివానని ఆమెకు అప్పుడే తట్టింది. వెంటనే రెండో సంగతి కూడా తట్టింది.

"ఇదేందే పంతులమ్మా!" అని గొంతెత్తింది. "అరవై ఏళ్ళకి నాకు చదువొచ్చింది గదే! ఏమీ జరగలేదని రాశారేందే?"

ఎస్తేరమ్మ గబుక్కున వచ్చి ఆమె పక్కన కూలబడి, చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"మెల్లగా అవ్వా. వింటారు."

మెట్టు మీది చెవిగొట్టం మెల్లగా లోపలికి తిరిగింది.

"లోపల ఏమైనను జరిగినదా?" అన్నాడు పరాంకుశం.

"ఏమీ జరగలేదండీ," అంది ఎస్తేరమ్మ.

నాంచారమ్మ మూతి ముడిచింది. కాసేపు గోడ వంక చూసింది. తర్వాత పత్రికను ముఖానికి దగ్గరగా లాక్కుని, వేలును పెద్దక్షరాల మీద నుంచి దించి, కింద చీమల్లా పాకుతున్న మొదటి వరుస మీద పెట్టి, ఎవరికీ వినపడకుండా మొదలుపెట్టింది.